వీధికుక్కల పని మళ్లీ కాంట్రాక్టుకు ఇస్తున్నారు. టెండర్ కాగితంలో ఏముండాలో తెలిసినవాళ్లు చెప్పండి

వేణు_పాలమూరు
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఊరి పేరు రాయడం లేదు, ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి. మా దగ్గర వీధికుక్కలను పట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేయడం అంతా మళ్లీ కాంట్రాక్టుకు ఇవ్వబోతున్నారు. ఆఫీసు బోర్డు మీద అంటించిన నోటీసును ఫోటో తీసుకొచ్చి రెండుసార్లు చదివాను. ఒక్కో కుక్కకు ఇంత అని రేటు వేయాలి, ఆరు నెలల్లో పని పూర్తి చేయాలి, నెలనెలా బిల్లు పెట్టుకోవాలి. అంతే ఉంది. పట్టిన కుక్కను ఎక్కడ వదలాలి, ఎవరు లెక్కపెడతారు, టీకా వేసినట్టు రుజువేంటి అన్నదాని మీద ఒక్క ముక్క లేదు.

ఎందుకు ఇంతగా అడుగుతున్నానంటే, పోయినసారి కాంట్రాక్టులో ఏం జరిగిందో మా గల్లీ మొత్తానికి తెలుసు. మా దగ్గర నాలుగు కుక్కలుండేవి. గోధుమరంగు దాన్ని పిల్లలు రాజు అని పిలిచేవాళ్లు. పొద్దున స్కూల్ బస్సు దాకా పిల్లల వెనకే పోయేది, వాళ్లు బస్సెక్కాక తిరిగొచ్చి మా అరుగు కింద పడుకునేది. ఒకరోజు తెల్లవారుజామున వ్యాన్ వచ్చింది. పిలవగానే తోక ఊపుకుంటూ దగ్గరికి పోయింది కాబట్టి ముందు దాన్నే పట్టుకున్నారు. నాలుగూ పోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. పది రోజులు తిరగకుండానే ఎవరూ ఎరగని కుక్కలు ఆరు వచ్చాయి. వాటిలో రెండింటికి చెవి కొస కోసి ఉంది. అంటే ఇంకెక్కడో పట్టి, ఆపరేషన్ చేసి, ఇక్కడ దింపిపోయారు. వాటికి మా గల్లీ కొత్త, మా పిల్లలు కొత్త. సైకిల్ కనిపిస్తే చాలు వెంటపడతాయి.

పదిహేడు రోజుల కింద, గురువారం సాయంత్రం, ట్యూషన్ నుంచి వస్తున్న మా పాప పిక్క పట్టుకుంది వాటిలో ఒకటి. పాప ఆరో తరగతి. రెండు పళ్లు లోపలికి దిగాయి. కరిచినదానికి చెవి గుర్తు కూడా లేదు.

కాంట్రాక్టుకు ఇవ్వడమే తప్పా, రాసుకునే కాగితంలో తప్పుందా? టెండర్ తెరిచేలోపు కమిషనర్ సార్‌ను కలవాలని ఉంది.

సిస్టర్_విజయ
ఆదివారం, రాత్రి 9:31

వేణు అన్నా, టెండర్ సంగతి తర్వాత. పాపకు టీకాలు ఎన్ని పడ్డాయి? రక్తం వచ్చిందంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే సూది కూడా వేయాలి, అది వేశారా? చీటీ చూసి చెప్పండి.

వేణు_పాలమూరు
ఆదివారం, రాత్రి 9:38

వేశారు సిస్టర్. కరిచిన రోజే గవర్నమెంట్ హాస్పిటల్‌లో గాయంలోనే సూది వేశారు, పాప ఏడుపు ఇంకా నా చెవిలోనే ఉంది. తర్వాత మూడో రోజు ఆదివారం పడింది, ఓపీ బంద్ కాబట్టి క్యాజువాలిటీలో వేయించాం. ఏడో రోజుది కూడా అయింది.

సిస్టర్_విజయ
ఆదివారం, రాత్రి 9:44

మంచిపని చేశారు. ఇంట్లో ముందు ఏం చేశారన్నది కూడా ముఖ్యమే. చదివేవాళ్ల కోసం రాస్తున్నా. కుక్క కరిచిన వెంటనే నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మామూలుగా మనం రెండు నిమిషాలకే చాలనుకుంటాం. నేను పనిచేసే వార్డుకు ఇప్పటికీ కారం పెట్టుకుని, సున్నం రాసుకుని, ఆకు పసరు పోయించుకుని వస్తున్నారు. కారం పెట్టిన పుండును మళ్లీ కడుగుతుంటే ఆ పసిపిల్లలు పడే బాధ చూడలేం. చెవి గుర్తున్న కుక్క కరిచినా సరే టీకా వేయించాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మన చేతిలో ఏమీ ఉండదు.

మల్లేశ్_మిర్యాలగూడ
ఆదివారం, రాత్రి 10:05

పాప జాగ్రత్త వేణు తమ్ముడూ. నేను మాత్రం ఒక్కటే అంటాను. ఆపరేషన్ చేసి మళ్లీ అదే గల్లీలో వదిలితే లాభమేంది? ఆపరేషన్ చేసిన కుక్కకు పళ్లు ఊడిపోతాయా? మా నాయన రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ చేసి టీవీఎస్ మీద వస్తుంటే కుక్కలు వెంటపడి, బండి జారి, మోకాలి చిప్ప పగిలింది. ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. ఎవరు కట్టారు ఆ ఖర్చు? అన్నింటినీ పట్టి ఊరవతల షెడ్డులో పెట్టండి, కాంట్రాక్టర్ పెడతాడో మున్సిపాలిటీ పెడుతుందో మాకు అనవసరం. పిల్లలు, ముసలోళ్లు నడవగలగాలి. గంతే.

డాక్టర్_సాబ్ (రిటైర్డ్ పశువైద్యుడు)
ఆదివారం, రాత్రి 11:20

మల్లేశ్, మీ నాన్నగారి సంగతి విని బాధేసింది. మీ కోపం న్యాయమైనదే. నా సర్వీసులో ఈ ఆపరేషన్లు చాలా చేశాను, క్యాంపులు నడిపాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఒక గల్లీలో ఎన్ని కుక్కలుంటాయన్నది అక్కడ దొరికే తిండిని బట్టి ఉంటుంది. ఉన్నవాటిని ఎత్తేస్తే తిండి అట్లాగే మిగులుతుంది, పక్క గల్లీ కుక్కలు వచ్చి కూర్చుంటాయి. వచ్చినవి హద్దుల కోసం కొట్లాడుకుంటాయి, భయంతో కరుస్తాయి. వేణు గల్లీలో అచ్చంగా అదే జరిగింది. అదే రాజును ఆపరేషన్ చేసి, టీకా వేసి, అరుగు కిందికే తెచ్చి వదిలి ఉంటే అది కొత్తవాటిని రానిచ్చేది కాదు. ఆపరేషన్ వల్ల పళ్లు ఊడవు, నిజమే. కానీ ఎద మీదున్న ఆడకుక్క వెనక పది మగకుక్కలు గుంపు కట్టి కొట్లాడుకోవడం ఆగుతుంది. పిల్లల తల్లి పిల్లల్ని కాచుకుంటూ దగ్గరికొచ్చినవాళ్ల మీద పడటం ఆగుతుంది. మన దగ్గర కాట్లలో ఎన్నో ఈ రెండు సందర్భాల్లోనే పడతాయి.

ఇప్పుడు కాంట్రాక్టు. 2023 మార్చిలో కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు కొత్తగా తెచ్చింది, అంతకుముందు 2001 నాటివి ఉండేవి. వాటి ప్రకారం బాధ్యత స్థానిక సంస్థదే. పనిని బయటి సంస్థకు ఇవ్వొచ్చు, కానీ ఆ సంస్థకు భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉండాలి. పట్టిన చోటే వదలాలి. ఆపరేషన్ అయినట్టు చెవికి గుర్తు పెట్టాలి. తీసిన అవయవాలను కుళ్లనివ్వని ఫార్మలిన్ మందులో దాచి, పర్యవేక్షణ కమిటీ లెక్కపెట్టాకే పారేయాలి. వినడానికి అసహ్యంగా ఉంటుంది గానీ దొంగ బిల్లుకు అది పెద్ద అడ్డుకట్ట. డబ్బాలో ఉన్నవెన్నో బిల్లులో అన్నే ఉండాలి.

నోటీసులో "ఒక్కో కుక్కకు ఇంత" అని చదవగానే నాకు భయమేసింది. ఎందుకో చెప్తాను. మగకుక్క ఆపరేషన్ చేయి తిరిగిన డాక్టర్‌కు పది నిమిషాల పని. ఆడకుక్కకు పొట్ట కోయాలి, గర్భసంచి వెతికి తీయాలి, పొరపొరకూ కుట్లు వేయాలి, ఆ తర్వాత రోజుల తరబడి చూసుకోవాలి. రెండింటికీ ఒకే రేటు ఇస్తే ఏవి ఎక్కువ వస్తాయి? మగవే వస్తాయి. పది మగవాటిలో తొమ్మిదింటికి చేసినా మిగిలిన ఒక్కటి చాలు, గల్లీలో ఆడవన్నీ ఈనుతాయి. కుక్కకు చూలు రెండు నెలలే, ఈతకు ఐదారు పిల్లలు. ఇంకోటి, పిలిస్తే వచ్చే కుక్క ముందు దొరుకుతుంది. మనిషిని చూస్తే పారిపోయే బెరుకుది, కరిచేది, వలకు చిక్కదు. తలకింత లెక్కన పనిచేసేవాడు దాని వెంట గంటసేపు ఎందుకు తిరుగుతాడు? చివరికి మంచి కుక్కలకు ఆపరేషన్లు అవుతాయి, కరిచేవి మిగిలిపోతాయి.

సుజాత_జడ్చర్ల
సోమవారం, ఉదయం 6:15

డాక్టర్ సాబ్ రాసిన ప్రతి మాటా నేను కళ్లారా చూసింది. మా కాలనీలో తొమ్మిది కుక్కలకు అన్నం పెడతాను. అందుకు నన్ను తిట్టేవాళ్లూ ఉన్నారు, ఫర్వాలేదు. రెండేళ్ల కింద మా బంధువుల ఊర్లో, పేరు వద్దు, ఒక నల్ల ఆడకుక్కను పట్టుకుపోయి మూడో రోజే తెచ్చి వదిలారు. వానాకాలం. పొట్ట కింద కుట్టు విచ్చుకుని ఎర్రగా కనిపిస్తోంది, ఈగలు ముసురుతున్నాయి. అది నడవలేక మోరీ పక్కన ఒరిగి, కుట్టునే నాకుతోంది. ఇద్దరం చద్దరులో చుట్టి ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. బతికింది. కానీ ఆ తర్వాత మనిషి చేయి చాపితే పళ్లు చూపించడం మొదలుపెట్టింది. అంతకుముందు అట్లా ఉండేది కాదు.

మల్లేశ్_మిర్యాలగూడ
సోమవారం, ఉదయం 7:02

అక్కా, మీ దయాగుణం మంచిదే. కానీ మీరు అన్నం పెట్టే చోటు దాటి పోవాల్సిన ముసలామె సంగతి కూడా ఆలోచించండి.

సుజాత_జడ్చర్ల
సోమవారం, ఉదయం 7:20

ఆలోచించాను అన్నా. మొదట్లో మా గేటు ముందే పెట్టేదాన్ని. ఎదురింటి పెద్దాయన భయపడుతున్నారని తెలిసి, ఇప్పుడు కాలనీ చివర ఖాళీ ప్లాటు గోడ దగ్గర, మనుషులు తిరగని టైమ్‌లో పెడుతున్నాను. నియమాల్లో కూడా కాలనీవాళ్లు కూర్చుని ఒక చోటు, ఒక టైమ్ పెట్టుకోవాలనే ఉంది. సుప్రీంకోర్టు కూడా రోడ్ల మీద పెట్టొద్దు, కేటాయించిన చోటే పెట్టాలన్నది. ఒప్పుకుంటాను. తిండి పెట్టేవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది, అవి మా చేతికి దొరుకుతాయి. పట్టేవాళ్లు మమ్మల్ని అడిగితే బెరుకు ఆడకుక్కలను కూడా అప్పగిస్తాం.

అడ్వకేట్_నల్లగొండ
సోమవారం, ఉదయం 8:45

కోర్టు విషయం కలగాపులగం కాకుండా చెప్తాను, ఎందుకంటే వాట్సాప్‌లో సగం సగం తిరుగుతోంది.

2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జీల బెంచ్ ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్నది. మల్లేశ్ గారు అడుగుతున్నది అదే. అదే నెల 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, మనుషుల మీద పడేవి మాత్రం వదలొద్దు అని చెప్పి, విషయాన్ని అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. నవంబర్ 7న ఇంకో ఉత్తర్వు. స్కూళ్లు, కాలేజీలు, హాస్పిటళ్లు, స్టేడియాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, వీటి ఆవరణల్లో దొరికినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు, షెల్టర్‌కు పంపాలి, కంచెలు వేయాలి.

కాబట్టి వేణు గారూ, మీ టెండర్‌లో రెండు రకాల పని ఉండాలి. గల్లీ కుక్క గల్లీకే రావాలి. బస్టాండ్ కుక్కకు మాత్రం ఉండటానికి చోటు, తిండి, చూసే మనిషి కావాలి. ఆ రెండోదానికి ఖర్చు నెలనెలా నడుస్తూనే ఉంటుంది, తలకింత రేటులో ఇమడదు. ఈ తేడా రాయకపోతే కాంట్రాక్టర్ బస్టాండ్‌లో పట్టినవాటిని ఎక్కడో ఒక చోట దింపేస్తాడు. మీ గల్లీకి వచ్చినవి అట్లాంటివే అయి ఉండొచ్చు.

లక్ష్మి_దేవరకద్ర
సోమవారం, ఉదయం 10:30

పని సరిగ్గా జరగకపోతే జనం చేతుల్లోకి తీసుకుంటారు, అదీ చూశాం కదా. 2024 ఫిబ్రవరిలో మా పక్కనే, అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చి ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. తెల్లారి ఆ గల్లీల్లో నడిచిన పిల్లలు ఏం చూసి ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ మనసు చెదిరిపోతుంది.

అడ్వకేట్_నల్లగొండ
సోమవారం, ఉదయం 10:52

అవునమ్మా. చంపడం, విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద నేరం, ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పంచాయతీ తీర్మానం చేసినా, కాంట్రాక్టర్ చేసినా, ఎవరు చేసినా అంతే.

మోడరేటర్
సోమవారం, ఉదయం 11:10

చర్చ బాగుంది. ఒక్క మనవి, అధికారుల పేర్లు, కాంట్రాక్టర్ల పేర్లు రాయకండి. రెండు పోస్టులు తీసేశాం.

రామచంద్రం (రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి)
సోమవారం, మధ్యాహ్నం 1:15

తలకింత అన్న మాట దగ్గర నాకు మా ఊరి బందెలదొడ్డి గుర్తుకొచ్చింది. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. చేలల్లో పడి మేసిన పశువులను తోలుకొచ్చి అందులో కట్టేసేవాళ్లు, జుర్మానా కడితే విడిపించేవాళ్లు. దాని కోసం 1871 నాటి చట్టం ఉంది. మా ఊర్లో ఆ దొడ్డిని ఏటా వేలం వేసేవాళ్లు. పాట పాడినవాడు పంచాయతీకి డబ్బు కట్టి, జుర్మానాలు తాను తీసుకునేవాడు. ఏమైందంటారు? ఒక ఏడు ఎక్కువ పాటకు పోయినవాడు డబ్బు రాబట్టుకోవడానికి బీడులో మేస్తున్న బర్రెలను, బాట మీద పోతున్న ఎడ్లను కూడా తోలుకుపోయాడు. మా నాయన దుక్కిటెద్దులు పొద్దుగూకేదాకా దొడ్డిలో నీళ్లు లేకుండా నిలబడ్డాయి. వాటి నాలుకలు బయటికి వేలాడటం నాకు గుర్తుంది, నాకప్పుడు పదేళ్లు. చేను కాపాడటానికి పెట్టిన దొడ్డి, పశువుల్ని పట్టడమే పనిగా మారింది.

నేను సర్వీసులో చిన్నాచితకా టెండర్లు చాలా చూశాను. కాంట్రాక్టర్ దొంగ అని ముందే అనుకోవద్దు, అతనికీ వ్యాన్ కిస్తీ ఉంటుంది, డాక్టర్ జీతం ఉంటుంది, బిల్లు ఆరు నెలలు ఆగితే అతను కుక్కలకు అన్నం ఎక్కడి నుంచి తెస్తాడు? మనం దేనికి డబ్బు ఇస్తే ఆ పని జరుగుతుంది. పట్టినదానికి ఇస్తే పట్టడం జరుగుతుంది.

జెర్సీ_పాలమూరు
సోమవారం, సాయంత్రం 6:40

రామచంద్రం సార్, మీరు చెప్పిన బందెలదొడ్డి కథే ఇక్కడ న్యూయార్క్‌లోనూ జరిగింది, అందుకే రాస్తున్నాను. 19వ శతాబ్దంలో ఈ నగరం వీధికుక్కను పట్టి తెస్తే ఒక్కోదానికి ఇంత అని ఇచ్చేది. పోరగాళ్లు ఇళ్ల ముందు కట్టేసిన పెంపుడు కుక్కలను కూడా ఎత్తుకొచ్చి అప్పగించేవాళ్లు. పట్టినవాటిని ఇనుప బోనులో పెట్టి ఈస్ట్ నదిలో ముంచేవాళ్లు. ఆ ఘోరం మానిపించడానికే 1894లో ఏఎస్‌పీసీఏ అనే జీవకారుణ్య సంస్థ ఆ పనిని తన నెత్తిన వేసుకుంది. వందేళ్లు చేసి, 1990ల మధ్యలో ఇక మావల్ల కాదని వదిలేసింది. అప్పుడు నగరం ఒక లాభాపేక్ష లేని సంస్థను పెట్టించి దానికి కాంట్రాక్టు ఇచ్చింది. ఇప్పటికీ అదే నడుపుతోంది, 2019లో 34 ఏళ్లకు ఒప్పందం రాసుకున్నారు.

కాంట్రాక్టు ఇచ్చినంత మాత్రాన అంతా సవ్యంగా లేదు. డబ్బులు సరిగ్గా ఇవ్వక, బ్రాంక్స్, క్వీన్స్ లాంటి పెద్ద ప్రాంతాల్లో ఏళ్ల తరబడి పూర్తి స్థాయి షెల్టరే లేక జనం గొడవ చేస్తూ వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే 1989లో సంస్థ పని వదిలేయగానే నగరమే సొంతంగా ఒక శాఖ పెట్టుకుంది. రెండు పద్ధతులూ నడుస్తున్నాయి.

కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ కుక్కకు యజమాని ఉంటాడు, తప్పిపోయిన కుక్కను షెల్టర్‌లో పెడితే ఇంకొకరు పెంచుకుంటారు, ఎవరూ తీసుకోకపోతే కొన్నింటిని మత్తుసూదితో చంపేస్తారు కూడా. మన రాజు లాంటి కుక్క, గల్లీ మొత్తానికి చెందిన కుక్క, ఇక్కడి కాగితాల్లోనే లేదు. ఇక్కడి ఒప్పందం తీసుకెళ్లి అక్కడ అతికించలేం.

యాదగిరి_చికెన్_సెంటర్
సోమవారం, రాత్రి 8:30

నేను చికెన్ సెంటర్ నడుపుతాను. ఎవరూ అడగకముందే మా వైపు తప్పు ఒప్పుకుంటున్నాను. ఆదివారం ఒక్క పూటలో నా దగ్గర రెండు డ్రమ్ముల వేస్ట్ వస్తుంది, పేగులు, తలలు, కాళ్లు. నేను వ్యాన్‌కే ఇస్తాను. కానీ వ్యాన్ రాని రోజు మా లైన్‌లో కొందరు సంచి కట్టి నాలా పక్కన విసిరేస్తారు. రాత్రి పది తర్వాత అక్కడికి పోయి చూడండి, ఇరవై కుక్కలు ఆ సంచుల మీద కొట్లాడుతుంటాయి. పచ్చి మాంసానికి అలవాటుపడ్డ గుంపు అది. రోడ్డు మీద ఎవరు పోయినా మొరుగుతూ పైకి వస్తాయి. డాక్టర్ సాబ్ తిండిని బట్టి కుక్కలు అన్నారు కదా, ఆ తిండి మేమే పెడుతున్నాం. కుక్కల టెండర్‌తో పాటు చికెన్ వేస్ట్ రోజూ తీసుకుపోయే బండి కూడా కావాలని రాయండి వేణు అన్నా. మా షాపుల తరఫున నెలకు ఇంతని కట్టడానికి మేము సిద్ధం. సంతకాలు నేను పెట్టిస్తాను.

మల్లేశ్_మిర్యాలగూడ
సోమవారం, రాత్రి 8:51

యాదగిరన్నా, ఇంత నిజాయితీగా ఎవరు చెప్తారు. మా నాయన పడ్డది కూడా సరిగ్గా చికెన్ షాపుల లైన్‌లోనే. ఈ ముచ్చట నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

డాక్టర్ సాబ్, ఒక మాట చెప్పండి. మీరు చెప్పిన పద్ధతిలో చేస్తే ఎక్కడన్నా తగ్గిందా? కాగితం మీద కాదు, నిజంగా.

డాక్టర్_సాబ్ (రిటైర్డ్ పశువైద్యుడు)
సోమవారం, రాత్రి 9:40

తగ్గింది. జైపూర్‌లో 1994 నుంచి ఒక సంస్థ నగరంలో ఒక్కో ప్రాంతాన్ని పట్టుకుని ఓపిగ్గా చేసుకుంటూ వచ్చింది, అక్కడ ఫలితాలు కనిపించాయి. గోవాలో ప్రభుత్వం, మిషన్ రేబిస్ సంస్థ కలిసి ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేశాయి. ఏ వీధి అయింది, ఏది కాలేదు అని ఫోన్‌లోనే మ్యాప్ మీద గుర్తు పెట్టుకున్నారు. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. రెండు చోట్లా కిటుకు ఒక్కటే, ప్రాంతం మొత్తం పూర్తి చేసి పక్కదానికి పోవడం. పదింటిలో ఏడింటికి టీకా పడితే రేబిస్ ఒకదాని నుంచి ఇంకోదానికి పాకడం ఆగిపోతుంది. ఊరంతా చెదురుమదురుగా పదింటిలో మూడు చొప్పున చేస్తే డబ్బు ఖర్చవుతుంది, రోగం అట్లాగే ఉంటుంది.

అందుకే వేణు, నీ దరఖాస్తులో ముఖ్యంగా రాయాల్సింది ఇది. బిల్లు కుక్కకు కాదు, వార్డుకు ఇవ్వాలి. ఒక వార్డు తీసుకో, అక్కడి కుక్కల్లో నూటికి 70కి తగ్గకుండా చెవి గుర్తు కనిపించాలి, ఆడవాటిలో ఇంకా ఎక్కువ కనిపించాలి, అప్పుడే ఆ వార్డు డబ్బు విడుదల, అప్పుడే ఇంకో వార్డు. మళ్లీ రామచంద్రం గారు చెప్పినట్టు, పని పూర్తయ్యాక డబ్బు ఆపొద్దు.

రెండో సంగతి బోనులు. ఎన్ని బోనులున్నాయో ముందే అడుగు. 40 బోనులుండి, ఒక్కో కుక్కను కుట్టు మానేదాకా ఐదు రోజులు ఉంచితే రోజుకు ఎనిమిదే చేయగలరు. నెలంతా ఒక్కరోజు సెలవు లేకుండా చేసినా 240. అదే నెలలో 500 అని బిల్లు వచ్చిందనుకో, అయితే ఆపరేషన్లు జరగనట్టు, లేకుంటే సుజాతమ్మ చూసిన నల్లకుక్కలాగా మూడో రోజే బయటికి తోలినట్టు. దీనికి డాక్టర్ కూడా అవసరం లేదు, ఐదో తరగతి లెక్క చాలు.

ఇంకోటి, చెవి గుర్తులు లెక్కపెట్టడం ఎవరైనా చేయొచ్చు. తెల్లవారి అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య కుక్కలు బయటే ఉంటాయి. వార్డులో ప్రతి గల్లీ ఒక్కసారే నడవాలి, వెనక్కి తిరగొద్దు, కనిపించినదాన్ని మగ, ఆడ, గుర్తుంది, లేదు అని గీతలు పెట్టుకుంటూ పోవాలి. రెండు రోజులు చేసి పోల్చుకోండి.

రామచంద్రం (రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి)
సోమవారం, రాత్రి 10:12

పోయిన కాంట్రాక్టు అగ్రిమెంట్, బిల్లులు, పర్యవేక్షణ కమిటీ మినిట్స్ సమాచార హక్కు చట్టం కింద అడుగు వేణు. 30 రోజుల్లో ఇవ్వాలి. నియమాల ప్రకారం ఆ కమిటీకి కమిషనరే అధ్యక్షుడు, పశుసంవర్ధక శాఖ, ఆరోగ్య శాఖవాళ్లు కూడా ఉంటారు. కమిటీ అసలు కూర్చున్నదా లేదా అన్నది ఆ కాగితాల్లో తేలుతుంది. ప్రజావాణిలో ఇచ్చేటప్పుడు రసీదు నంబర్ తీసుకోవడం మర్చిపోకు. కమిషనర్‌ను కలిసినప్పుడు పోయినవాళ్ల మీద ఫిర్యాదుతో మొదలుపెట్టకు. "ఈ షరతులు చేర్చండి సార్, మేము లెక్కపెట్టడానికి వస్తాం" అని మొదలుపెట్టు. తలుపు తెరుచుకుంటుంది.

వేణు_పాలమూరు
మంగళవారం, ఉదయం 7:25

ఇప్పుడే ఇంటికొచ్చాను. డాక్టర్ సాబ్ చెప్పినట్టే నేను, మా ఎదురింటి ఇంటర్ అబ్బాయి కలిసి అయిదున్నరకు మొదలుపెట్టి మా వార్డు మొత్తం నడిచాం. నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకున్నాం. కనిపించినవి 31. మగవి 17, వాటిలో చెవి గుర్తున్నవి 7. ఆడవి 14, వాటిలో గుర్తున్నవి 2. రెండే. మూడు ఆడకుక్కల రొమ్ములు పాలతో వేలాడుతున్నాయి. ఒకదాని వెనక పోతే, కట్టి వదిలేసిన ఇంట్లో సిమెంట్ సంచుల మధ్య ఆరు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. డాక్టర్ సాబ్ ఆదివారం రాత్రి రాసింది చదివినప్పుడు ఏదో అంచనాగా చెప్పారనుకున్నాను. ఆ రెండు గీతలు చూసుకుంటే నాకు నోట మాట రాలేదు.

రేపు ఇంకోసారి నడుస్తాం. దరఖాస్తు రాత్రి రాశాను. వార్డు లెక్కన బిల్లు, ఆడకుక్కలకు వేరే రేటు, బోనుల సంఖ్య ముందే చూపించడం, పట్టినప్పుడూ వదిలినప్పుడూ అదే స్తంభం, అదే ఇంటి గోడ కనిపించేట్టు ఫోటో, ఫార్మలిన్ డబ్బాల లెక్కప్పుడు వార్డు మనుషులు ఇద్దరు ఉండటం, బస్టాండ్, హాస్పిటల్ కుక్కలకు వేరే షెల్టర్ ఖర్చు, చికెన్ వేస్ట్ బండి. యాదగిరన్న సంతకాలు పంపిస్తే జత చేస్తాను. ఎల్లుండి కమిషనర్ సార్ అపాయింట్‌మెంట్ దొరికింది, సోమవారం ప్రజావాణిలో కూడా ఇస్తాను.

సుజాత_జడ్చర్ల
మంగళవారం, ఉదయం 7:50

వేణూ, ఆ పిల్లల తల్లిని ఇప్పుడే పట్టనివ్వొద్దు. పాలు మానేదాకా ఆగాలి, లేకపోతే ఆరూ చచ్చిపోతాయి. ఆ ఇంటి ముందు పిల్లలను ఆడుకోనివ్వకండి, తల్లి మీద పడుతుంది. నేను ఎల్లుండి మీ ఊరు రాగలను, కమిషనర్ దగ్గరికి కలిసి పోదాం.

మల్లేశ్_మిర్యాలగూడ
మంగళవారం, ఉదయం 8:20

తమ్ముడూ, ఆ దరఖాస్తు నాకు కూడా పంపు. ఊరి పేరు మార్చి మా దగ్గర ఇస్తాను. రేపు తెల్లారి మా వార్డు నేను నడుస్తా, మా నాయనకు చెప్తే తానూ నోట్‌బుక్ పట్టుకుని ఇంటి ముందు గల్లీ లెక్క రాస్తానన్నాడు.

సిస్టర్_విజయ
మంగళవారం, ఉదయం 9:05

వేణు అన్నా, ఈ తిరుగుడులో పడి పాప ఆఖరి డోసు మర్చిపోవద్దు. ఇరవై ఎనిమిదో రోజుది. లెక్క చూసుకున్నారా?

వేణు_పాలమూరు
మంగళవారం, ఉదయం 9:11

చూసుకున్నాను సిస్టర్. వచ్చే వారం గురువారం పడింది. చీటీ ఫ్రిజ్ మీద అంటించి పెట్టింది పాపే. పొద్దున నోట్‌బుక్ చూసి, "రాజు కనిపించిందా నాన్నా" అని అడిగింది. లేదని చెప్పాను. రేపు తానూ వస్తానంటోంది, ముందు గాయం పూర్తిగా మాననివ్వమన్నాను.